ఊరి నాడి పట్టించే పుస్తకాలు

ప్రజారోగ్యం గురించి చదవాలనుకునేవారికి మన దేశంలో ముందుగా వినిపించే పేరు పార్క్. కె. పార్క్ పేరుతో జబల్‌పూర్ నుంచి వెలువడే ‘ప్రివెంటివ్ అండ్ సోషల్ మెడిసిన్’ పాఠ్యపుస్తకం 1970లో మొదటిసారి వచ్చింది. ఎంబీబీఎస్ చదివినవాళ్లలో దాని బరువు మొయ్యనివాళ్లు అరుదు. టీకాల పట్టిక కావాలన్నా, బావిలో ఎంత బ్లీచింగ్ పౌడర్ కలపాలో చూడాలన్నా, ఏ జాతీయ కార్యక్రమం ఏ ఏడాది మొదలైందో తెలుసుకోవాలన్నా అది అక్కరకొస్తుంది. కానీ పరీక్ష రాయనవసరం లేని మామూలు పాఠకుడు దానితో మొదలుపెడితే యాభై పేజీలు దాటడం కష్టం. అందులో జవాబులు వరుసగా పేర్చి ఉంటాయి. వాటికోసం ఎవరు ఎన్నాళ్లు తిరిగారో, ఎక్కడ తడబడ్డారో చెప్పడానికి పాఠ్యపుస్తకంలో చోటు చాలదు.

ఈ శాస్త్రం ప్రాణమంతా ఒక్క ప్రశ్నలో ఉంది: ఈ జబ్బు వీళ్లకే ఎందుకు వచ్చింది, వాళ్లకెందుకు రాలేదు? డాక్టరు ముందు కూర్చునేది ఒక్క రోగి. ప్రజారోగ్యం చూసేవారి ముందు జబ్బు పడనివాళ్లతో సహా ఊరంతా ఉంటుంది. ఆ చూపు అలవడాలంటే, ఆ ప్రశ్న పట్టుకుని గడపగడపా తిరిగినవాళ్లు స్వయంగా రాసినవి చదవాలి. ఈ అధ్యాయంలో నేను చెప్పే పుస్తకాల్లో ఎక్కువ భాగం అలాంటివే. కొన్ని పాతవి, కొన్ని ఇంగ్లీషులో మాత్రమే దొరికేవి, కొన్ని తెలుగులో ఉండి కూడా మనం మరిచిపోయినవి.

రెండు కంపెనీల నీళ్లు

మొదట చదవమని చెప్పేది 1855లో లండన్‌లో అచ్చయిన నూట అరవై పేజీల గ్రంథం. కలరా ఎలా పాకుతుందన్నది దాని విషయం. రాసింది జాన్ స్నో. యార్క్ పట్టణంలో ఒక కూలి కుటుంబంలో 1813లో పుట్టాడు. మత్తుమందు ఇవ్వడంలో నిపుణుడై, 1853లో విక్టోరియా రాణి ప్రసవానికి క్లోరోఫాం ఇచ్చేంతవాడయ్యాడు. ఆయనకు అన్నం పెట్టింది మత్తుమందు వృత్తి, నిద్రపోనివ్వనిది కలరా. ఆనాటి వైద్యుల్లో ఎక్కువమంది కలరాకు కారణం చెడుగాలి అనుకునేవారు. మురికికుప్పల నుంచి లేచే దుర్వాసనే మనుషుల్ని చంపుతోందని నమ్మేవారు. స్నో తర్కం సూటిగా ఉంది. ఈ జబ్బు మొదలయ్యేది పేగుల్లో. గాలి పీల్చడం వల్ల వచ్చేదైతే ముందు ఊపిరితిత్తులు చెడాలి. కాబట్టి దాని విషం నోటిద్వారా లోపలికి పోతోంది, మలంతో బయటికొచ్చి నీళ్లలో కలుస్తోంది. కలరా క్రిమిని రాబర్ట్ కోఖ్ కలకత్తాలో నిర్ధారించింది 1884లో. స్నో 1858లోనే కన్నుమూశాడు. క్రిమిని చూపించి ఒప్పించే వీలు లేకుండానే అది నడిచే దారి చెప్పాడన్నమాట.

బ్రాడ్ స్ట్రీట్ చేతిపంపు కథ చాలామందికి తెలుసు. 1854 ఆగస్టు చివర్లో ఆ వీధి చుట్టుపక్కల పది రోజుల్లో అయిదు వందలమందికి పైగా చనిపోయారు. స్నో చచ్చిపోయినవాళ్లను లెక్కపెట్టి ఊరుకోలేదు. ఆ పక్కనే ఉన్న బీదల ఆశ్రమంలో (వర్క్‌హౌస్) 535 మంది ఉంటే అయిదుగురే ఎందుకు పోయారని అడిగాడు. వాళ్లకు సొంత బావి ఉంది. బీరు కాచే కార్ఖానాలో పనిచేసే డెబ్బైమంది పైచిలుకు కూలీల్లో ఒక్కరూ పోలేదు. వాళ్లు ఆ పంపు నీళ్లే ముట్టలేదు. అల్లంత దూరంలోని హాంప్‌స్టెడ్‌లో ఒక విధవరాలు కలరాతో పోయింది. ఆ పంపు నీటి రుచి ఇష్టమని ఆవిడ రోజూ సీసాతో తెప్పించుకునేదని తేలింది. సెప్టెంబరు 8న పంపు పిడి తీయించారు. జనం ముందే ఊరొదిలి పారిపోవడంతో చావులు అప్పటికే తగ్గుముఖం పట్టాయని స్నో తన పుస్తకంలో తానే రాశాడు. పిడి పీకగానే కలరా ఆగిపోయిందన్నది తర్వాతివాళ్లు అల్లిన మాట. తన వాదనకు బలమిచ్చే కథను కూడా అంతకు మించి సాగదీయకపోవడం ఆయనలో నాకు అన్నిటికన్నా నచ్చే గుణం.

అయితే ఈ పుస్తకానికి గుండెకాయ పంపు కథ కాదు, దాని తర్వాత వచ్చే దక్షిణ లండన్ భాగం. అక్కడ రెండు నీళ్ల కంపెనీలు పోటీపడి ఒకే వీధుల్లో గొట్టాలు వేశాయి. ఒక ఇంటికి సౌత్‌వార్క్–వాక్స్‌హాల్ కంపెనీ నీళ్లు, పక్కింటికి లాంబెత్ కంపెనీ నీళ్లు. ఉన్నవాళ్లూ లేనివాళ్లూ, పెద్ద ఇల్లూ చిన్న ఇల్లూ అన్నీ కలగలిసి ఉన్నాయి. 1852లో లాంబెత్ కంపెనీ నీళ్లు తోడే చోటును థేమ్స్ నదిలో ఎగువకు, ఊరి మురుగు చేరని థేమ్స్ డిట్టన్‌కు మార్చుకుంది. రెండో కంపెనీ బాటర్‌సీ దగ్గర మురుగు కలిసిన నీళ్లే తోడుతూ పోయింది. మూడు లక్షలమంది మీద, వాళ్లకు తెలియకుండానే, ఏ శాస్త్రవేత్తా తలపెట్టలేని పరీక్ష జరిగిపోయింది. దాని ఫలితం చదవడానికి ఒకరు పూనుకోవాలి, అంతే.

స్నో పూనుకున్నాడు. కలరాతో మనిషి పోయిన ప్రతి ఇంటికీ వెళ్లి మీ నీళ్లు ఏ కంపెనీవని అడిగాడు. అద్దెకున్నవాళ్లలో చాలామందికి తెలియదు, నీటిపన్ను కట్టేది ఇంటి యజమాని కదా. అప్పుడాయన ఆ ఇంటి నీళ్లు సీసాలో పట్టుకొచ్చి వెండి నైట్రేట్ కలిపి చూశాడు. బాటర్‌సీ నీళ్లలో ఉప్పు, థేమ్స్ డిట్టన్ నీళ్లలోకంటే దాదాపు నలభై రెట్లు ఎక్కువ. ఒక చుక్కతో కంపెనీ తెలిసిపోయేది. 1854లో కలరా మొదలైన ఏడు వారాల లెక్క ఇలా తేలింది. సౌత్‌వార్క్ కంపెనీ నీళ్లు తాగే 40,046 ఇళ్లలో 1,263 మరణాలు. లాంబెత్ నీళ్లు తాగే 26,107 ఇళ్లలో 98 మరణాలు. ప్రతి పది వేల ఇళ్లకు చూస్తే ఒకచోట 315, మరోచోట 37.

ఈ లెక్క దగ్గర కాస్త ఆగండి. 1,263కూ 98కీ పోలిక పెడితే ఏమీ తేలదు, మొదటి కంపెనీకి ఖాతాదార్లే ఎక్కువ. ఎన్ని ఇళ్లలో అన్నది కింద వేసి భాగిస్తేనే తేడా ఎనిమిదిన్నర రెట్లని బయటపడుతుంది. ఫలానా ఊళ్లో ఇంతమంది జ్వరంతో పోయారని పేపర్లో చదివినప్పుడల్లా ‘ఎంతమందిలో?’ అని అడగడం ఈ పేజీలు నేర్పుతాయి. ప్రజారోగ్యంలో సగం చదువు ఆ ఒక్క మాటే.

ఆ పుస్తకం అచ్చుకు స్నో రెండు వందల పౌండ్లకు పైగా సొంత డబ్బు పెట్టాడు. అన్ని షిల్లింగులు కూడా తిరిగి రాలేదని ఆయన స్నేహితుడు రిచర్డ్‌సన్ రాశాడు. పాత ఇంగ్లీషు కష్టమనిపిస్తే స్టీవెన్ జాన్సన్ 2006లో రాసిన ‘ది ఘోస్ట్ మ్యాప్’ చదవండి. అందులో హెన్రీ వైట్‌హెడ్ అనే చర్చి గురువు పాత్ర బాగా వచ్చింది. ఆయన మొదట స్నోను నమ్మలేదు. తప్పని నిరూపిద్దామని అదే పేటలో ఇల్లిల్లూ తిరిగాడు. చివరికి పంపు పక్కన 40వ నంబరు ఇంట్లో విరేచనాలతో పోయిన పసిబిడ్డ గుడ్డలు ఉతికిన నీళ్లు, బావికి ఆనుకుని ఉన్న మలగుంటలోకి పోయాయని కనిపెట్టింది ఆయనే. ప్రతిపక్షంలో ఉండి నిజాయితీగా వెతికినవాడు శాస్త్రానికి ఎంత మేలు చేయగలడో అందులో చూడొచ్చు.

బేగంపేటలో ఒక మధ్యాహ్నం, ఆ తర్వాతి గణితం

రొనాల్డ్ రాస్ 1923లో ప్రచురించిన ఆత్మకథ తెలుగువాళ్లం మనది అనుకుని చదవాల్సిన పుస్తకం. సికిందరాబాదు దండులో సైనిక వైద్యుడిగా ఉన్న రాస్, మలేరియా దోమల ద్వారా వస్తుందేమోనన్న అనుమానంతో రెండేళ్లు వేరే జాతి దోమల్ని కోసి చూస్తూ గడిపాడు. ఏమీ దొరకలేదు. 1897 ఆగస్టులో రెక్కల మీద మచ్చలున్న దోమలు చేతికొచ్చాయి. హుసేన్ ఖాన్ అనే రోగి, కుట్టిన ఒక్కో దోమకూ ఒక అణా పుచ్చుకుని, వాటికి తన రక్తం తాగనిచ్చాడు. ఆగస్టు 20న అలాంటి దోమ పొట్టగోడలో నల్లటి రంగు రేణువులున్న కణాలు రాస్ కంటబడ్డాయి. మలేరియా క్రిమి మనిషి రక్తంలో వదిలే రేణువులే అవి. కొద్ది రోజులకే ఆయన్ను రాజపుతానాకు బదిలీ చేశారు, పని ఆగిపోయింది. 1898లో కలకత్తాలో పక్షుల మలేరియా మీద పనిచేసి, క్రిమి దోమ లాలాజల గ్రంథుల దాకా ఎలా చేరుతుందో చూపించాడు. 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. బేగంపేటలో ఆయన పేరుతో ఉన్న భవనం ఇప్పటికీ ఉంది.

ఆత్మకథను జాగ్రత్తగా చదవాలి. మనుషుల మలేరియా మీద ఇటలీలో పనిచేసిన గ్రాసీ మీద రాస్‌కు ఉన్న కోపం పేజీల కొద్దీ పొంగుతుంది. గ్రాసీ పనిని ఆయన తక్కువ చేశాడు. హుసేన్ ఖాన్‌కు కథలో దక్కిన చోటు కూడా చాలా చిన్నది. ఆ రోజు దోమల కాట్లు ఓర్చుకున్న మనిషి గురించి ఇంకాస్త తెలిస్తే బాగుండుననిపిస్తుంది.

రాస్ రాసినవాటిలో శాస్త్రపరంగా నాకు ఎక్కువ విలువైనదిగా తోచేది 1910లో వచ్చిన ‘ది ప్రివెన్షన్ ఆఫ్ మలేరియా’. దోమల్ని తగ్గించండని ఆయన చెప్పినప్పుడల్లా ‘ప్రపంచంలో దోమలన్నిటినీ ఎవరు చంపగలరు?’ అని ఎదురు ప్రశ్న వచ్చేది. అన్నిటినీ చంపనక్కర్లేదని ఆయన గణితంతో జవాబిచ్చాడు. ఆ వరుస చూడండి. ఒక దోమ రోగిని కుట్టాలి. క్రిమి దానిలో ఎదిగేదాకా, అంటే పది రోజులకు అటూఇటూ, అది చావకుండా ఉండాలి. తర్వాత అదే దోమ ఆరోగ్యవంతుణ్ని కుట్టాలి. ఒక్కో మెట్టులోనూ చాలా దోమలు రాలిపోతాయి. దోమల సంఖ్య ఒక హద్దుకు దిగువకు పడిపోతే, ఒక రోగి కోలుకునేలోగా సగటున ఒకరికన్నా తక్కువమందికే జబ్బు అంటుతుంది. వందమంది రోగుల నుంచి ఎనభైమందికి, వాళ్ల నుంచి అరవై నలుగురికి, వాళ్ల నుంచి యాభై ఒక్కరికి. ఊళ్లో దోమలు ఉంటాయి, మలేరియా మాత్రం అడుగంటుతుంది. కరోనా రోజుల్లో ‘ఒకరి నుంచి ఎంతమందికి’ అని టీవీల్లో రోజూ విన్న అంకెకు మూలం ఈ ఆలోచనలోనే ఉంది. టీకాలు అందరికీ వేయకపోయినా మశూచిని తరిమేయగలగడం వెనకా ఇదే లెక్క పనిచేసింది.

జొన్న సంకటి, బోరు నీళ్లు, అడ్డపొగ

ఇంగ్లండు, ఇటలీల దాకా పోనవసరం లేకుండా తెలుగు జిల్లాల నుంచే పుట్టిన చదువు కొంత ఉంది. పుస్తకాల షాపుల్లో అది తక్కువగా కనిపిస్తుంది, పరిశోధన పత్రికల్లో ఎక్కువ.

తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ మొదలుపెట్టిన చిన్న పరిశోధనశాల నుంచి ఎదిగింది. 1958లో హైదరాబాదు వచ్చింది. సి. గోపాలన్, ఆయన సహచరులు తయారుచేసిన ‘న్యూట్రిటివ్ వాల్యూ ఆఫ్ ఇండియన్ ఫుడ్స్’ అన్న పుస్తకం ఈ సంస్థ ప్రచురణ. చూడ్డానికి అంతా పట్టికలే. రాగుల్లో కాల్షియం ఎంత, మునగాకులో ఎంత, తోటకూరలో ఇనుము ఎంత అని వరుసగా ఉంటుంది. 2017లో 528 ఆహార పదార్థాలతో కొత్త పట్టికలు వచ్చాయి. అంగన్‌వాడీలో పిల్లలకు ఏం పెట్టాలో, హాస్టలు భోజనంలో ఏది తక్కువైందో మాట్లాడాలంటే ఈ పుస్తకం దగ్గర ఉండాలి. వంటింట్లో ఉంచుకోదగ్గ ప్రజారోగ్య గ్రంథం ఇది ఒక్కటే అని నా అభిప్రాయం.

గోపాలన్, శ్రీకంఠయ్య 1960లో ‘లాన్సెట్’ పత్రికలో రాసిన వ్యాసం కూడా దొరికితే చూడండి. పెల్లాగ్రా అనే పోషకలోప వ్యాధి మొక్కజొన్న తినే దేశాల జబ్బుగా పేరుపడింది. దక్కను పీఠభూమిలో జొన్న తినే బీదవాళ్లలో కూడా అది కనిపించింది. ఎండ తగిలినచోట చర్మం నల్లబడి పొరలు లేస్తుంది, విరేచనాలవుతాయి, మతి చలిస్తుంది. జొన్నలో లూసిన్ అనే అమైనో ఆమ్లం మోతాదు మించి ఉండటమే కారణం కావచ్చని వాళ్లు ప్రతిపాదించారు. దాని మీద తర్వాత చాలా వాదోపవాదాలు జరిగాయి. ఆ వాదాలతో సహా చదివితే, ఒక ప్రతిపాదన ఎలా పుడుతుందో, ఎలా పరీక్షకు నిలబడుతుందో తెలుస్తుంది.

మన దేశంలో ఫ్లోరోసిస్ గురించిన తొలి వివరమైన నివేదిక 1937లో వచ్చింది. అది అప్పటి మద్రాసు రాష్ట్రం నెల్లూరు జిల్లా పల్లెల గురించి. తర్వాత ప్రకాశం జిల్లాలో చేరిన కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతాల బాధ అది. నల్లగొండ పేరు ప్రపంచానికి తెలిసింది ఆ తర్వాత. నీటిలో ఫ్లోరైడు లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదు. దాటిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే పళ్లు గారపడతాయి, వెన్ను వంగిపోతుంది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో ఆ ఫ్లోరైడును పేరబెట్టి తొలగించే పద్ధతిని నాగపూరులోని నీరి సంస్థ రూపొందించింది. ప్రపంచవ్యాప్తంగా పాఠ్యపుస్తకాల్లో దాన్ని ‘నల్లగొండ పద్ధతి’ అనే పిలుస్తారు. ఒక జిల్లా కష్టం శాస్త్రంలో పేరుగా మిగిలింది, కష్టం తీరడానికి మాత్రం నదీజలం గొట్టాల్లో వచ్చేదాకా ఆగాల్సి వచ్చింది.

ఉత్తరాంధ్రలో ఆడవాళ్లు చుట్ట నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని తాగే అడ్డపొగ మీద పిండ్‌బోర్గ్, ఆయన బృందం 1971లో రాసిన వ్యాసం మరొకటి. శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది నోళ్లు తెరిపించి అంగిలి పరీక్షించారు. పొగాకు ఊపిరితిత్తులకు చేసే హాని గురించి ప్రపంచమంతా మాట్లాడుతున్న రోజుల్లో, నిప్పు తగిలే చోటు మారితే గాయం చోటు కూడా మారుతుందని ఈ పల్లెలు చూపించాయి.

కొద్దిమందికి ఎక్కువ ముప్పు, ఎక్కువమందికి కొద్ది ముప్పు

అంటువ్యాధుల తర్వాత బీపీ, షుగరు, గుండెజబ్బుల దగ్గరికి వస్తే చదవాల్సింది జెఫ్రీ రోజ్. 1985లో ఆయన రాసిన వ్యాసం ఏడెనిమిది పేజీలు. దాన్నే పెంచి 1992లో ‘ది స్ట్రాటజీ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్’ అనే చిన్న పుస్తకం చేశాడు. ఈ అధ్యాయంలో ఒక్కటే పుస్తకం చదివే ఓపిక ఉన్నవారికి నేను దీన్నే చెబుతాను.

రోజ్ ఎత్తిచూపిన సంగతి ఇది. ఈ మనిషికి బీపీ ఎందుకు పెరిగిందన్నది ఒక ప్రశ్న. ఈ ఊరి మొత్తం సగటు బీపీ పక్క దేశపు పల్లెకన్నా ఎందుకు ఎక్కువగా ఉందన్నది వేరే ప్రశ్న. కెన్యా సంచారజాతులవాళ్ల బీపీలనూ, లండన్ ప్రభుత్వోద్యోగుల బీపీలనూ ఆయన పక్కపక్కన గీసి చూపించాడు. రెండు గుంపుల్లోనూ ఎక్కువ తక్కువలున్నాయి. కానీ లండన్ గీత మొత్తంగా పక్కకు జరిగి ఉంది. లండన్‌లో మామూలు అనిపించే బీపీ ఆ పల్లెలో ఎక్కువ కింద లెక్క. ఊరంతా ఒకే రకంగా బతుకుతుంటే, ఆ బతుకే జబ్బుకు కారణమైనా ఎవరికీ కనిపించదు. అందరూ అంతే ఉప్పు తింటున్నప్పుడు, ఎవరికి బీపీ వచ్చిందన్నది వాళ్ల వంశం మీద తోసేస్తాం.

రెండో మెలిక ఇంకా ముఖ్యం. బీపీ బాగా ఎక్కువున్నవాళ్లకు పక్షవాతం ముప్పు ఎక్కువ, కానీ వాళ్లు కొద్దిమందే. కాస్త ఎక్కువున్నవాళ్లకు ముప్పు తక్కువ, వాళ్లు మాత్రం లక్షల్లో ఉంటారు. మొత్తం పక్షవాతాల్లో పెద్ద వాటా ఈ రెండో గుంపు నుంచే రావచ్చు. కాబట్టి బాగా జబ్బుపడ్డవాళ్లను వెతికి మందులివ్వడం ఎంత అవసరమైనా, దానితోనే ఊరి లెక్క మారదు. అందరి ఉప్పూ కొద్దిగా తగ్గితే మారుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు అయిదు గ్రాములలోపు ఉప్పు తినమంటోంది. ఆంధ్రప్రదేశ్‌లో ఇరవై నాలుగు గంటల మూత్రం సేకరించి కొలిచిన పరిశోధనలో సగటు తొమ్మిది గ్రాములు దాటింది. ఒకటిన్నర గ్రాము తగ్గించుకున్న ఏ ఒక్కరికీ తమకు మేలు జరిగిందని ఎన్నటికీ తెలియదు. కానీ ఆ ఊళ్లో పక్షవాతం రావలసిన కొందరికి రాకుండా పోతుంది. వాళ్లెవరో మనం వేలుపెట్టి చూపించలేం. ప్రజారోగ్యానికి ఓట్లూ దండలూ ఎందుకు దక్కవో రోజ్ చదివాక అర్థమవుతుంది. ‘వందేళ్లు బతకడం ఎలా’ తరహా పుస్తకాలు మన అంగళ్లలో కుప్పలుగా ఉన్నాయి. అవన్నీ ఒంటరి మనిషికి చెప్పే సలహాలు. ఊరి ఆరోగ్యం గురించి అవి ఏమీ నేర్పవు.

రోజ్ పక్కన థామస్ మెక్‌కియోన్‌ను ఉంచండి. ఇంగ్లండులో క్షయ మరణాల తగ్గుదలలో ఎక్కువ భాగం 1947లో స్ట్రెప్టోమైసిన్ వాడకంలోకి రాకముందే జరిగిపోయిందని 1976 నాటి పుస్తకంలో ఆయన చూపించాడు. మంచి తిండే కారణమన్నాడు. సైమన్ ష్రెటర్ 1988లో దానికి జవాబు రాస్తూ, నీళ్లు, మురుగు కాలువలు, మునిసిపాలిటీల పట్టుదల ఏమయ్యాయని నిలదీశాడు. నా మొగ్గు ష్రెటర్ వైపే. తిండి దానంతటదే ఊరికి చేరదు, మురుగు దానంతటదే పోదు. ఎవరో ఒకరు అడిగి, కొట్లాడి, బడ్జెటులో పెట్టించాలి.

మన దేశం మట్టుకు ఆ కొట్లాటకు మొదటి కాగితం భోర్ కమిటీ నివేదిక. 1943లో వేసిన కమిటీ 1946లో నివేదిక ఇచ్చింది. అప్పటికి పుట్టిన ప్రతి వెయ్యిమంది పిల్లల్లో 162 మంది ఏడాది నిండకుండా పోతున్నారు. సగటు ఆయుర్దాయం 27 ఏళ్లు కూడా లేదు. డబ్బు లేదన్న కారణంతో ఎవరికీ వైద్యం అందకుండా పోకూడదన్న సూత్రాన్ని ఆ నివేదిక స్వాతంత్ర్యానికి ముందే రాసిపెట్టింది. నేటి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం దాని ఊహే. కమిటీ సభ్యుల్లో ఒకరైన డాక్టర్ ఆర్కాట్ లక్ష్మణస్వామి ముదలియారు పుట్టింది కర్నూలులో. 1959లో వేసిన తర్వాతి కమిటీకి ఆయనే అధ్యక్షుడు. మొదటి సంపుటం ఒక్కటి చదివినా చాలు.

తెలుగులో

కొమర్రాజు లక్ష్మణరావు 1906లో విజ్ఞాన చంద్రికా మండలి పెట్టినప్పుడు చరిత్రతోపాటు శాస్త్ర గ్రంథాలూ రావాలని తపించారు. ఆచంట లక్ష్మీపతి ‘అంటువ్యాధులు’ ఆ కాలపు కృషిలో భాగమే. లక్ష్మణరావు గారి కుమార్తె, డాక్టర్ కొమర్రాజు అచ్చమాంబ ‘ప్రసూతి–శిశుపోషణ’ రాశారు. మంత్రసాని చేతుల్లో ప్రాణాలు పోతున్న రోజుల్లో, తెలుగు ఆడవాళ్లకు తెలుగులో గర్భం గురించీ కానుపు గురించీ దాపరికం లేకుండా చెప్పిన పుస్తకం అది. అందులోని వైద్యం కొంత పాతబడింది. చదువుకున్న డాక్టరు సామాన్యులతో ఎలా మాట్లాడాలన్నది మాత్రం ఇప్పటికీ దాని నుంచి నేర్చుకోవచ్చు. హైదరాబాద్ బుక్ ట్రస్ట్ తెచ్చిన ‘సవాలక్ష సందేహాలు’ ఆ దారిలోనే ముందుకు వెళ్లింది. ఆడవాళ్ల శరీరం గురించి ఆడవాళ్లే కూర్చుని, తమ అనుభవాలు కలుపుకుని రాసుకున్నారు.

అదే సంస్థ తెలుగులో తెచ్చిన మరో పుస్తకం డేవిడ్ వెర్నర్ ‘వైద్యుడు లేనిచోట’. వెర్నర్ డాక్టరు కాదు, జీవశాస్త్రం చెప్పే పంతులు. మెక్సికో కొండల్లో అహోయా అనే పల్లెలో అక్కడి జనంతో కలిసి పనిచేస్తూ 1973లో స్పానిష్‌లో ఈ పుస్తకం రాశాడు. 1977లో ఇంగ్లీషులోకి వచ్చింది, ఆ తర్వాత పదుల భాషల్లోకి పాకింది. ప్రతి పేజీలో బొమ్మలుంటాయి. ఏ మందు ఎప్పుడు వాడాలో చెప్పినంత గట్టిగా, ఏ మందు అనవసరమో, ఏ సూది మందు ప్రమాదమో చెబుతుంది. ఊరికి ఆర్‌ఎంపీ తప్ప దిక్కులేని చోట్ల, ప్రతి నీరసానికీ గ్లూకోజు సీసా ఎక్కించుకునే మన అలవాటుకు ఈ పుస్తకం సరైన మందు.

విరేచనాల పేజీ ఒక్కటి చూడండి. పేగుల్లో ఉప్పూ చక్కెరా కలిసి ఉంటే ఒకదాని వెంట ఒకటి రక్తంలోకి వెళ్తాయి, వాటి వెంట నీళ్లూ వెళ్తాయి. జబ్బుపడ్డ పేగులో కూడా ఈ దారి మూసుకుపోదు. లీటరు శుభ్రమైన నీటిలో ఆరు టీస్పూన్ల పంచదార, అర టీస్పూను ఉప్పు, సరిగ్గా కొలిచి కలిపితే ప్రాణం నిలుస్తుంది. 1971లో బంగ్లాదేశ్ కాందిశీకుల శిబిరంలో, బోన్‌గావ్ దగ్గర, సెలైన్ సీసాలు అయిపోయినప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఇలాంటి ద్రావణాన్నే డ్రమ్ముల్లో కలిపించి, రోగుల బంధువుల చేత తాగించాడు. ముప్పై శాతం దాకా ఉన్న మరణాలు నాలుగు శాతం లోపుకు దిగాయి. పొట్లాలు అమ్మడమా, ఇంట్లో కలుపుకోవడం నేర్పడమా అన్న వివాదం మీద వెర్నర్, డేవిడ్ సాండర్స్ 1997లో ఒక పుస్తకమే రాశారు. నేర్పడం వైపు వాళ్లు గట్టిగా నిలబడ్డారు.

చివరగా, మీ జిల్లా కాగితం

ఇవన్నీ చదివాక, లేదా వీటిలో ఒకటో రెండో చదివాక, జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే పత్రాలు తీయండి. 1992–93లో మొదలైన ఈ సర్వే అయిదో విడత 2019–21లో జరిగింది. ప్రతి జిల్లాకూ కొద్ది పేజీల పత్రం ఉచితంగా దొరుకుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో అవి పాత 13 జిల్లాల ప్రకారం ఉంటాయి, జిల్లాల సంఖ్య పెరిగింది ఆ తర్వాత.

అందులో రెండు వరుసలు చూపిస్తాను. 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. ఎదురుపడే ప్రతి పదిమంది స్త్రీలలో అయిదారుగురు. రోజ్ చెప్పిన మాట ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది. సగానికి పైగా జనానికి ఉన్న జబ్బు ఎవరికీ జబ్బులా కనిపించడం లేదు, అలసట ఆడవాళ్ల బతుకులో భాగమనుకుంటున్నాం. రెండోది కానుపులు. సిజేరియన్లు దేశం మొత్తంలో 21.5 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4, తెలంగాణలో 60.7. తెలంగాణలో ప్రభుత్వ ఆసుపత్రుల్లో 44.5 అయితే, ప్రైవేటులో 81.5. జనాభా మొత్తం మీద ఈ ఆపరేషన్లు పది శాతం దాటాక తల్లీబిడ్డల మరణాలు ఇంకా తగ్గుతాయనడానికి ఆధారం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. ఒకే రాష్ట్రం, ఒకే రకం శరీరాలు, రెండు రకాల ఆసుపత్రులు. స్నో ఉంటే ఈ రెండు అంకెల మధ్య ఉన్న దూరం దగ్గర కూర్చునేవాడు. సులువైన కానుపులు ప్రభుత్వాసుపత్రికి, కష్టమైనవి ప్రైవేటుకు వెళ్తున్నాయా? డబ్బు కట్టగలిగినవాళ్లే ముహూర్తం చూసుకుని కోయించుకుంటున్నారా? నొప్పుల కోసం రాత్రంతా ఆగే నర్సులు ఎక్కడ ఎంతమంది ఉన్నారు? ఏ జవాబూ ముందే తెలిసిందనుకోకుండా ఒక్కోటీ పరీక్షించాలి.

మీ జిల్లా పత్రం దింపుకోండి. రాష్ట్రపు సగటుకన్నా మీ జిల్లా బాగా వెనకబడిన ఒక వరుసను ఎంచుకోండి. ఆ కాగితం పట్టుకుని మీ ఊరి ఆశా కార్యకర్త దగ్గరికి, ఏఎన్ఎం దగ్గరికి వెళ్లి, ఇది మన ఊళ్లో ఎవరికి ఎక్కువగా ఉందని అడగండి. అడిగింది రాసిపెట్టుకోండి.